అతుకు కనబడని పటం

మా గ్రంథాలయంలో పుస్తకాలు కుట్టే ఆయన్ని అందరూ సమం బాబాయి అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది, దాని పని అక్కడితో సరి. ఏ పుస్తకం చేతికిచ్చినా ముందు బల్ల మీద నిలబెట్టి, రెండు అరచేతులతో అటూ ఇటూ తట్టి, "ముందు సమం చేద్దాం" అంటాడు. పేపర్లు చిందరవందరగా ఉంటే చదువుకునేవాళ్ళ చేతుల్లోంచి లాక్కుని మరీ సర్దుతాడు. గోడ గడియారం కాస్త ఒరిగితే ఆయనకి టీ గొంతు దిగదు. తన మీసం మాత్రం ఏనాడూ కుదరలేదు. ఎడమ వైపు కాస్త కత్తిరించి, దానికి తగ్గట్టు కుడి వైపు కత్తిరించి, మళ్ళీ ఎడమకి వచ్చి, చివరికి మీసమే లేకుండా పనిలోకి వచ్చిన రోజులు నాకు తెలుసు. గ్రంథాలయం బాధ్యత నాది గనక నవ్వకూడదు. నవ్వేదాన్ని.

పని ఆయనకి మేనమామ నేర్పాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామ తన బైండింగు కొట్టుకి తీసుకెళ్ళి, ఏడాది పొడుగునా జిగురు ఉడికించే పనే చెప్పాడట. తర్వాత దారానికి మైనం పట్టించడం. ఎట్టకేలకి కత్తి చేతికిచ్చిన రోజున, "అంచుని చూసి జాలిపడ్డావంటే నువ్వు ఈ పనికి పనికిరావురా" అన్నాడట. బాబాయి ఆ మాటని నెత్తిన పెట్టుకున్నాడు. మూడు వైపులా అంచులు కోసి నున్నగా చేస్తే గానీ ఆయన కంటికి పుస్తకం పుస్తకంలా ఆనదు. పుటల పక్కన ఎవరో పెద్దాయన పెన్సిలుతో రాసుకున్న మాటలన్నీ ఒకసారి ఆ కోతలో సగానికి సగం ఎగిరిపోయాయి. ఆయన వచ్చి గోల పెడితే, "ఖాళీ ఉంది కదా అని అంచుల్లో రాస్తారా ఎవరైనా" అని బాబాయే ఎదురు తిరిగాడు. సర్దిచెప్పలేక నా తలప్రాణం తోకకి వచ్చింది.

ఆయన భార్యని నేను పిన్ని అంటాను. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మెత్తని మనిషి, ఎవరిమీదా గొంతు లేవదు. ఆమెకి ఉన్న బాధ ఒక్కటే, అది కూడా వినేవాళ్ళకి నవ్వులాట. ఆమె పుట్టిన పల్లె ఇప్పుడు లేదు. ఏటి మలుపులో, ఒక పెద్ద బండ పక్కన నాలుగైదు ఇళ్ళు ఉండేవని, ఆమెకి ఆరేళ్ళప్పుడు ఒక వానాకాలంలో ఏరు దారి మార్చుకుని ఇళ్ళ మీదికొచ్చిందని, అందరూ తలో దిక్కూ పోయారని చెబుతుంది. తండ్రి ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. ఔనని చెప్పడానికి మిగిలిన మనిషి లేడు. "అమ్మ పుట్టిల్లు ఎక్కడంటే వేలు గాల్లో తిప్పుతుంది" అని కన్నపిల్లలే ఆటపట్టించేవారు. బాబాయి కూడా తక్కువ తినలేదు. "మా అత్తగారి ఊరికి బస్సూ లేదు, దారీ లేదు, అసలు ఊరే లేదు. అల్లుడికి అంతకన్నా సుఖం ఏముంటుంది" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. పిన్ని కూడా నవ్వేది. కాపరం మొదలుపెట్టి ఇన్నేళ్ళయినా, అది ఏటికి ఏ ఒడ్డున ఉండేదని ఆయన ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

మా ఊరికీ చుట్టుపక్కల పల్లెలకీ కలిపి ఒక చరిత్ర రాయాలని చరిత్ర మాస్టారు పూనుకున్నారు. ఉద్యోగ విరమణ చేశాక ఇంట్లో ఊరుకోలేక ఎత్తుకున్న పని అది. సర్వే ఆఫీసు అటక మీద పాత పటాలు రెండు దొరికేసరికి ఆయన పెళ్ళికొడుకులా అయిపోయారు. ఎత్తుపల్లాలు గోధుమరంగు గీతల్లో, ఏర్లు నీలంగా, ఇళ్ళు నల్లటి బుల్లి చదరాలుగా, ఎవరో ఓపిగ్గా కొలిచి గీసిన పటాలు. తర్వాత వేసినవి ఎక్కడైనా దొరుకుతాయి గానీ అంత పాతవి సర్వే వాళ్ళ దగ్గరే మరో ప్రతి లేదు. చిక్కల్లా ఏమిటంటే, మా ఊరు సరిగ్గా ఆ రెండు పటాలూ కలిసే చోట పడింది. ఊరు ఒకదాని చివర, ఏరూ పల్లెలూ రెండోదాని చివర. రెండూ కలిపి అతికి, గుడ్డ మీద అంటించి, చదువుకునే గదిలో గోడకి తగిలించాలన్నారు. ఆ పని బాబాయికి కాక ఇంకెవరికి ఇస్తాను.

మాస్టారు ముందే ఒక నియమం పెట్టారు. ఈ పటంలో ఉన్న పల్లెలకే పుస్తకంలో చోటు. "నోటిమాటలు రాసుకుంటూ పోతే చరిత్ర కాదమ్మా, కాలక్షేపం అవుతుంది" అన్నారు నాతో. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి పిన్ని మొహంలో వెలుగు వచ్చింది. పటం వెనక వేసే గుడ్డకి చుట్టూ మడత కుట్టే పని తనే అడిగి తీసుకుంది. "మా ఊరు పుస్తకంలోకి ఎక్కుతుందంటే కుట్టుకూలీ అడుగుతానా" అంది. పిల్లలకి కబురు కూడా చేసింది, ఇంక మీ అమ్మని ఏడిపించడానికి వీల్లేదని.

బాబాయి పటాలని బల్ల మీద పక్కపక్కన పరిచి చూస్తే ఏరు కలవలేదు. అటక మీద చెమ్మకి ఒక కాగితం సాగిందో, కొలిచినవాళ్ళే వేరువేరో, ఊరి పటంలోంచి వచ్చిన ఏరు ఒకచోట ఆగితే, పల్లెల పటంలో బొటనవేలంత కిందనించి మొదలవుతోంది. ఏరు విరిగినట్టు ఉంది. ఆయనకి నిద్ర పట్టలేదట. ఏరు ఏటవాలుగా పారుతుంది గనక, పల్లెల పటం అంచుని కాస్త లోపలికి కోసుకుంటూ పోతే కొసలు రెండూ దగ్గరవుతాయని కనిపెట్టాడు. కోసుకుంటూ పోయాడు. రెండు వేళ్ళ వెడల్పు పోయాక ఏరు చక్కగా వచ్చి ఏటిలో కలిసింది. ఆ ముక్కలో ఎక్కువగా గుట్టలూ పొదలూనే. కింద ఒకచోట ఏవో నాలుగు నల్ల చదరాలు ఆయన కంట పడకపోలేదు. కానీ కంటికి ఆనింది ఏరు కలవడం ఒక్కటే. పటం మీద రెండు వేళ్ళంటే నేల మీద మైలు పైమాటే అన్న సంగతి నరనరానా బైండింగే ఉన్నవాడికి ఎందుకు తట్టాలి. కోసిన ముక్క పారెయ్యడం ఆయన ఇంటా వంటా లేదు. పాత కాగితం, మంచి నార ఉన్నది. ఆ వారం కుడుతున్న పత్రికల సంపుటాలకి, కుట్టు ఉండే వీపు వైపు, అట్ట లోపల బలానికి అంటించేశాడు.

పటం తెరిచిన రోజు ఊళ్ళో పెద్దలు చాలామంది వచ్చారు. గోడ మీద అది నిజంగానే కళకళలాడింది. చూడవచ్చిన ప్రతివాడినీ బాబాయి ఆపి, "అతుకు ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అని అడిగేవాడు. కళ్ళజోళ్ళు సవరించుకుని, పక్కకి వంగి, గోళ్ళతో తడిమి, ఒక్కరూ చెప్పలేకపోయారు. మాస్టారయితే ఆయన భుజం తట్టారు. పిన్ని పెట్టెలో దాచుకున్న బట్టలు కట్టుకుని వచ్చింది. రద్దీ కాస్త తగ్గేదాకా ఒక పక్కన నిలబడి, అప్పుడు పటం దగ్గరికి వెళ్ళింది.

"ఇదీ వంతెన," అంటూ వేలు పెట్టింది. "ఇక్కడినుంచి ఏటి పక్కనే వెళ్ళాలి. మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకొచ్చేవాడు. ఇక్కడ ఏరు ఇటు తిరుగుతుంది..."

వేలు ఆగింది. వెనక్కి వంతెన దాకా వచ్చి మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇక్కడ ఇంకో మలుపు ఉండాలే," అంది.

బాబాయి ఆ పక్కనే ఉన్నాడు. ఆ గదిలో అతుకు ఎక్కడుందో తెలిసినవాడు ఆయన ఒక్కడే. పిన్ని వేలు ఆగింది సరిగ్గా దాని మీదే. ఆ క్షణంలో ఆయనకి నల్ల చదరాలు గుర్తొచ్చాయి.

మాస్టారు ముందుకొచ్చి చాలా మర్యాదగానే చెప్పారు. "చిన్నప్పటి జ్ఞాపకాలు అలాగే ఉంటాయమ్మా. ఎక్కడిదో తెచ్చి ఎక్కడో పెడతాయి. ఏరు చూడండి, తిన్నగా ఎలా పోతోందో. ఇక్కడ పల్లె ఉండడానికి చోటేది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "గాల్లో పుట్టిందేమో" అన్నారు. పిన్ని భర్త వైపు చూసింది. ఏదో ఒకటి అనండి అన్నట్టు చూసింది. అప్పుడు మా సమం బాబాయి ఒక నవ్వు నవ్వి, "అప్పటికి దానికి ఆరేళ్ళండీ. ఆరేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది" అన్నాడు.

అందరూ నవ్వారు. పిన్ని పటం మీంచి వేలు తీసేసింది. మొహం ఎర్రబడింది. "అంతేనేమో మాస్టారూ. నేనే పొరపాటు పడ్డాను. మీ పని ఆపాను, ఏమనుకోకండి," అని వాకిట్లోకి వెళ్ళిపోయింది. తప్పు చేసినవాడు గదిలో దర్జాగా నిలబడ్డాడు, ఏ పాపం ఎరగని మనిషి సిగ్గుతో బయటికి నడిచింది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత పిన్ని తన పల్లె ఊసెత్తలేదు. పిల్లలు మళ్ళీ ఏడిపించబోతే, "అవునురా, ఏదో పిచ్చి. వదిలెయ్యండి," అందట. బాబాయి ఎవరినీ అతుకు ఎక్కడుందని అడగడం మానేశాడు. పటం ఉన్న గదిలోకే రావడం మానేశాడు. గడియారం ఒరిగి ఉన్నా పట్టించుకోకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. పుస్తకం అచ్చుకి వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. మాస్టారు పల్లెల వరస రాసేశారు, పిన్ని పల్లె అందులో లేదు.

ఒక మధ్యాహ్నం బైండింగు గదిలోకి వెళ్ళేసరికి నేల నిండా చీల్చిన పుస్తకాలు. ఈమధ్యే కుట్టిన పత్రికల సంపుటాలన్నీ అట్టలు ఊడి, వీపులు తెరుచుకుని పడి ఉన్నాయి. వాటి మధ్య బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో ఏదో అద్దుతున్నాడు.

"నీకేమైనా మతిపోయిందా బాబాయ్? మొన్ననేగా వీటిని కుట్టింది."

ఆయన తలెత్తలేదు. "పల్లె వెతుకుతున్నానమ్మా," అన్నాడు.

అప్పుడు చెప్పాడు అంతా. ఏరు కలవకపోవడం, కోత, నల్ల చదరాలు, పిన్ని వేలు ఎక్కడ ఆగిందీ. చెబుతూనే ఒక వీపు మీంచి తడిసిన కాగితాన్ని కొంచెం కొంచెంగా లేపాడు. జిగురు పట్టి పసుపెక్కింది, సూది రంధ్రాలు పడ్డాయి. కానీ ఉంది. నీలంగా ఒక మలుపు, మలుపులో నాలుగు నల్ల చదరాలు, పక్కన వాలు అక్షరాల్లో ఒక పేరు. పిన్ని నోట ఎన్నిసార్లో విని నవ్విన పేరే.

ఆ పేరు మీదికి వంగి చూశాను. ఆయనే అన్నాడు, "గుట్టుగా మళ్ళీ పెట్టేస్తాను. ఇంకో పాత పటం దొరికిందని మాస్టారికి చెబుదాం. నువ్వు ఊఁ అంటే చాలు. ఎవరికీ తెలియదు."

"పిన్ని అందరి ముందూ తల దించుకుంది. నువ్వు మాత్రం ఎవరికీ తెలీకుండా తలెత్తుకుంటావా?"

"దానికి చెప్పడానికి నాకు మొహం చెల్లడం లేదమ్మా. కోసింది తెలీక కోశాను. అది చెప్పగలను. కానీ ఆ రోజు తెలిసే అన్నాను ఆ మాట. మాస్టారు నా భుజం తట్టి ఎంతో సేపు కాలేదు. జనమంతా మెచ్చుకుంటున్నారు. నోరు దానికదే జారింది." కళ్ళు తుడుచుకోబోతే చేతికున్న జిగురు మొహానికి అంటుకుంది. మామూలుగా అయితే నవ్వేదాన్ని.

నాకు జాలి కలగలేదంటే అబద్ధం. కలిగింది, కానీ అది పైకి చూపించదలుచుకోలేదు. రేపు పొద్దున్న మాస్టారినీ పిన్నినీ పిలుస్తానని, చెప్పేది నువ్వు చెప్తావా నన్ను చెప్పమంటావా తేల్చుకోమని అన్నాను. తడిగుడ్డ పక్కన పెట్టి, "నేనే," అన్నాడు.

మర్నాడు పటాన్ని గోడ మీంచి దింపి పెద్ద బల్ల మీద పరిచాం. పిన్ని ఎందుకు పిలిచామో తెలియక గుమ్మం దగ్గరే నిలబడింది. మాస్టారు కంగారు పడుతూ, "ఏమయ్యా, మళ్ళీ దించావెందుకు?" అన్నారు. పేపర్లు చదివేవాళ్ళు కూడా చుట్టూ మూగారు. వాళ్ళని పొమ్మందామనుకున్నాను గానీ, ఆ రోజు నవ్వినవాళ్ళలో కొందరు అందులో ఉన్నారని ఊరుకున్నాను.

బాబాయి కత్తి తీసి తన అతుకు మీద పెట్టాడు. ఇన్నేళ్ళలో ఆయన కోత వంకర పోవడం నేను చూసింది అప్పుడే. ఎవరికీ కనబడని ఆ అతుకు నిట్టనిలువునా విడిపోతుంటే మాస్టారు అయ్యయ్యో అంటూ చెయ్యి పట్టుకోబోయారు. బాబాయి ఆగలేదు. సంపుటాల్లోంచి తీసిన ముక్కల్ని ఒక్కొక్కటే మధ్యలో పేర్చాడు. కొన్ని చోట్ల ముక్క దొరక్క ఉత్త గుడ్డే కనబడుతోంది. అంతా అయ్యాక భార్య వైపు చూడకుండా, బల్లని చూస్తూ మాట్లాడాడు.

"ఇది నేనే కోశాను. ఏరు అతకలేదని కోశాను. మా ఆవిడ ఊరు ఇందులో ఉంది. ఆ రోజు ఇది వెతుకుతుంటే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా ఆరేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుందన్నాను. దీనికి అన్నీ సరిగ్గానే గుర్తున్నాయి."

పిన్ని బల్ల దగ్గరికి వచ్చింది. వంతెన మీద వేలు పెట్టి బయల్దేరింది. ఏరు ఇప్పుడు రెండు చోట్ల విరిగింది, అయినా వేలు తడబడలేదు. మలుపు తిరిగి నల్ల చదరాల దగ్గర ఆగింది. పేరు పైకి చదివింది. "ఈ చివరిది మాది," అంది. ఆ చదరం మీదినుంచి వేలు తియ్యలేదు. మాస్టారు చేతులు నలుపుకుంటూ, "అమ్మా, ఆ రోజు నేను కూడా..." అనబోతే, "మీదేముంది మాస్టారూ. పటంలో లేనిది మీరెలా రాస్తారు," అంది. భర్త వైపు చూడలేదు. ఆయన కూడా చూడమని అడగలేదు.

పుస్తకం అచ్చయింది. పిన్ని పల్లెకి అందులో ఒక పుట ఇచ్చారు, మాస్టారు స్వయంగా ఆమె దగ్గర కూర్చుని అడిగి రాసుకున్నారు. పటం మళ్ళీ గోడెక్కింది. ఇప్పుడు అతుకు కనుక్కోవడానికి కళ్ళజోడు అక్కర్లేదు. మధ్యలో జిగురు మరకల పట్టీ, విరిగిన ఏరు, అక్కడక్కడా ఉత్త గుడ్డ. కొత్తగా వచ్చినవాళ్ళు, "ఎవరండీ బాబూ, ఇంత అడ్డదిడ్డంగా అతికింది?" అని అడుగుతుంటారు. బాబాయి గదిలో ఉంటే చేతిలో పని ఆపి, "నేనేనండీ," అంటాడు. ఎందుకలా అయిందో చెప్పడు. అడిగితే మాత్రం అంతా చెబుతాడు, ఆరేళ్ళ పిల్ల మాటతో సహా. ప్రతిసారీ మొదటిసారి చెప్తున్నవాడిలాగే చెవులు ఎర్రబడతాయి.

ఒకరోజు ఆ సంపుటాలకి మళ్ళీ వీపులు అంటిస్తుంటే నేను పక్కన కూర్చుని, పిన్ని ఏమందని అడిగాను. చాలాకాలంగా అడగాలని ఉన్నా నోరు రాని ప్రశ్న అది.

"ఆ రోజు ఇంటికెళ్ళేదాకా ఏం మాట్లాడలేదు," అన్నాడు. "తాళం తీస్తూ అంది. 'పటం బాగుచేశారు, సంతోషం. ఆ రోజు నన్ను చూసి నవ్వినవాళ్ళల్లో మీ గొంతు కూడా విన్నాను. దాన్నెక్కడ అతుకుతారు?' అంది."

"నువ్వేమన్నావు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. బ్రష్షు చేతిలోనే ఉంది, కాగితం మీద ఆనించడం మరిచిపోయాడు.

"జిగురు ఆరిపోతోంది బాబాయ్," అన్నాను.